సవరణ: జేమ్స్‌టౌన్ 'ఆకలి కాలం' 1607లో కాదు

అమెరికాలోని వర్జీనియాలో ఇంగ్లీషువాళ్లు వేసిన వలస జేమ్స్‌టౌన్‌పై పెట్టిన గత టపాలో, 1607లో దిగిన తొలి బృందంలో ఎక్కువమంది ఆ చలికాలం తిండిలేక పోయారని ఉంది. రెండు వేర్వేరు విపత్తులు అందులో కలిసిపోయాయి.

1607 మేలో మూడు ఓడల్లో వచ్చి దిగినవారు సుమారు 104 మంది. తొమ్మిది నెలలు తిరక్కుండానే సగానికి పైగా పోయారు, అదీ ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరుల్లో. తిండి కొరత ఉంది గానీ అసలు దెబ్బ నీళ్లది. స్పెయిన్ దాడి భయంతో, ఒడ్డు పక్కనే లోతున్న చోటు చూసి కోట కట్టారు. ఓడలను చెట్లకే కట్టేయొచ్చు. తాగునీటికి మాత్రం అంతకన్నా చెడ్డ చోటు దొరకదు. వేసవిలో నది ప్రవాహం తగ్గగానే పోటు ఉప్పునీటిని పైకి తోస్తుంది, మురుగు కిందికి పోకుండా అక్కడే తిరుగుతుంది. బావి తవ్వింది ఆ తర్వాతే.

'ఆకలి కాలం' 1609-10 చలికాలం. సహాయక దళంలోని ప్రధాన ఓడ సీ వెంచర్ 1609 జులైలో బెర్ముడా దగ్గర తుపానుకు చిక్కింది. మిగతా ఓడలు దింపింది తినే నోళ్లను, చాలినంత తిండిని కాదు. పైగా అక్కడి స్థానిక తెగలవాళ్లు, పౌహాటన్లు, కోటను దిగ్బంధించారు. శరత్కాలంలో ఉన్న సుమారు 300 మందిలో వసంతానికి మిగిలింది 60 మంది.

వలసవాళ్లు 'పని చేతకాని దొరబాబులు' కాబట్టే ఆకలితో పోయారన్న వివరణ కూడా అరకొరే. చెట్ల వలయాల ప్రకారం 1606-1612 అక్కడ తీవ్ర కరువు. అమ్మడానికి పౌహాటన్ల దగ్గరే మొక్కజొన్న తక్కువ.