టిష్యూ కల్చర్ వేరు, మ్యుటేషన్ వేరు
టిష్యూ కల్చర్ మొక్కలన్నీ రేడియేషన్ పెట్టినవేనని వ్యాసంలో రాశారు. అది తప్పండి. మాది చిత్తూరు దగ్గర పల్లె. మేం నాటిన గ్రాండ్ నైన్ అరటి మొక్కలు పిలక మొగ్గలోని కణజాలం నుంచి సీసాల్లో పెంచినవి. తల్లి గుణాలే రావాలి. ఒకే కణజాలాన్ని మరీ ఎక్కువసార్లు విడదీసి పెంచితే మాత్రం కొన్ని మొక్కలు తేడా పడతాయి. ఒక నర్సరీ మాకిచ్చిన వాటిలో కొన్ని గిడసబారి, గెలలు సరిగా వేయలేదు. ఏడాది కష్టం పోయింది, ఆ బాధ ఇంకా ఉంది.

మ్యుటేషన్ పద్ధతి అలా కాదు, రేడియేషన్ లాంటివి పెట్టి మొక్క జన్యువుల్లో కావాలని తెచ్చే మార్పు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం తెచ్చిన టీఏజీ-24 శనక్కాయల రకం ఎక్స్-రే మార్పులున్న వంశంలోంచే వచ్చింది. పొట్టి మొక్క, తొందరగా కోతకొస్తుంది. ఆ కాయల్లో రేడియేషన్ ఏమీ మిగలదు, దయచేసి రైతుల్ని భయపెట్టకండి.