బాయిలర్ మీద కొలువైన ఉష్ణోగ్రత సెన్సారు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎస్ప్రెస్సో మెషీన్ థర్మిస్టర్ గారికి, బెంగళూరు వైట్‌ఫీల్డ్ నుంచి ఒక కాఫీ ప్రియుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరికి ముందు ఆ పదవిలో ఉన్న బైమెటల్ థర్మోస్టాట్ గారు బొత్తిగా చదువుకోనివారు. ఆయన ఒంట్లోని రెండు లోహపు రేకుల్లో ఒకటి ఎక్కువగా, మరొకటి తక్కువగా వ్యాకోచించడంతో వంగి, టక్కుమని హీటర్‌ను ఆపేసేవారు. మళ్లీ పది డిగ్రీలకు పైగా చల్లారితే గానీ కదిలేవారు కారు. కాఫీ ఒక పూట చేదెక్కేది, ఒక పూట పుల్లబడేది. అయినా ఆయన ఏ అంకెనూ చూపించలేదు కనుక ఎవరినీ మోసగించలేదు.

తమరి విద్య వేరు. వేడెక్కేకొద్దీ తమరి విద్యుత్ నిరోధం తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 10,000 ఓమ్‌లు ఉండే రకమైతే 93 డిగ్రీలకు చేరేసరికి సుమారు 1,000 ఓమ్‌లకు పడిపోతుంది. దాన్ని చదివిన పీఐడీ కంట్రోలర్ అనే వేడి నియంత్రకం హీటర్‌కు కరెంటును ఆచితూచి వడ్డించగా, తెర మీద 93.0 అని వెలుగుతుంది. ఆ చివరి సున్నాను చూసి మా ఇంటిల్లిపాదీ మురిసిపోతారు.

అయితే తమరు కొలిచేది కాఫీని కాదు, తమరు కూర్చున్న చోటును. కచేరీ గది చల్లగా ఉంది గనుక ఊళ్లో ఎండలు లేవని నివేదిక పంపే తహసీల్దారు లాగా, తమరు బాయిలర్ గోడను అంటిపెట్టుకుని అక్కడి యోగక్షేమాలనే విన్నవిస్తారు. పంపు మోగగానే చల్లటి నీళ్లు లోపలికి దూకిన సంగతి ఆ లోహాన్నీ, తమరిని దానికి అతికించిన థర్మల్ పేస్టునూ దాటి తమరిని చేరేసరికి సగం కాఫీ కప్పులో పడి ఉంటుంది. దారిలో వేడినీళ్లను దించే గ్రూప్‌హెడ్, కాఫీపొడిని పట్టి ఉంచే పిడిగిన్నె పోర్టాఫిల్టర్ తినేసే వేడికి తమరి వద్ద లెక్కే లేదు. కొందరు తయారీదారులు ఆ తేడాను ముందే అంచనా కట్టి, ఆఫ్‌సెట్ పేరుతో కంట్రోలర్‌లో సర్దేస్తారు.

ఇక మా బావమరిది. గత ఆదివారం ఆయన తమరిని ఊడదీసి, స్టీలు గిన్నెలో తెర్లుతున్న నీళ్లలో ముంచగా తెర 97 చూపింది. నీళ్లు 100 డిగ్రీల వద్ద మరగాలని ఆయన బళ్లో చదువుకున్నారు. వెంటనే తమరి ఖాతాలో మూడు డిగ్రీలు కలిపేశారు. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల ఇక్కడ నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. అంటే తమరు పలికిన ఏకైక పూర్తి సత్యానికి శిక్ష పడింది. చెన్నైలోని తమరి తోబుట్టువులకు ఈ అవమానం జరిగి ఉండేది కాదు. నాటి నుంచి తెర 93 అంటుంది, నీళ్లు 90 దగ్గర ఆగుతాయి, ఆ పుల్లటి కాఫీని ఆయన ‘ఫ్రూటీ నోట్స్’ అని అతిథులకు వర్ణిస్తున్నారు.

మరొక సంగతి. తమరి తీగ తెగితే నిరోధం అనంతమై, అమాయకపు కంట్రోలరుకు బాయిలర్ గడ్డకట్టుకుపోయినట్టు కనిపిస్తుంది. ఆ భయంతోనే తమరి పొరుగున థర్మల్ ఫ్యూజు గారిని నియమించారు. వేడి హద్దు మీరితే ఆయన తమరిని సంప్రదించకుండానే తాను కాలిపోయి కరెంటు తెంచేస్తారు. ఆయన పేరు తెర మీద ఎన్నడూ వెలగలేదు.

కాబట్టి తమరు ఆ దశాంశ స్థానాన్ని వదులుకోవలసిందిగా మనవి. మూడు డిగ్రీల విషయం బావమరిది నిద్రపోయాక నేను చూసుకుంటాను.

ఇట్లు,
తమరి విధేయుడు