కోరా గురించి ఇంకాస్త రాయాల్సింది

ప్రపంచ సంగీతాల మీద మీ వ్యాసం బాగుంది. కానీ పశ్చిమ ఆఫ్రికా తీగవాద్యం కోరాను ఒక్క వాక్యంతో దాటేశారు. పెద్ద ఎండు సొరబుర్రను సగానికి కోసి, ఆవు తోలు బిగించి, 21 తీగలు కట్టిన వాద్యం అది. వాయించేది బొటనవేళ్లు, చూపుడువేళ్లతోనే. కింది స్వరాలు ఆగకుండా నడుస్తుంటే, పైన పాట అల్లుకుంటూ పోతుంది. ఇద్దరు వాయిస్తున్నారనే అనిపిస్తుంది! మాలి దేశానికి చెందిన కోరా కళాకారుడు తుమాని జబాతే 1988 ఆల్బమ్ 'కైరా'లో కోరా తప్ప ఇంకేమీ లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తీరిగ్గా వినండి. తరతరాలుగా గ్రియో (వంశపారంపర్యంగా పాటలు, కథలు చెప్పే కళాకారులు) కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన విద్య ఇది. అలాంటి కుటుంబంలోనే పుట్టిన మహిళ సోనా జోబర్తే ఈ వాద్యంతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నారు, గాంబియాలో స్కూల్ కూడా పెట్టారు. దయచేసి ఆవిడ గురించి విడిగా ఒక వ్యాసం రాయండి.