మా అమ్మాయి కొలిచిన కల్వర్టులు

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సభలో యువజన విభాగం వాళ్లు వేసవి ఇంటర్న్‌షిప్ చేసిన పిల్లల్ని వేదిక మీదికి పిలిచారు. మీలో చాలామంది ఆ హాల్లోనే ఉన్నారు. చదివిన ప్రతి పేరు వెనకా ఒక కంపెనీ పేరు వినిపించింది. మా పెద్దమ్మాయి పేరు రాలేదు. విరామంలో కమిటీ మిత్రుణ్ణి అడిగాను. "ఏమీ అనుకోకండి అన్నా, ఫారంలో కంపెనీ దగ్గర వాటర్‌షెడ్ గ్రూపు అని ఉంది. వాలంటీర్ పని అనుకుని పక్కన పెట్టేశాం" అన్నారు. పక్కనున్న ఇంకొకరు "వాగుల్లో దిగే పనికీ చదువుకీ ఏం సంబంధం?" అన్నారు. అమ్మాయి ఆ మాట వింది. ఇల్లు చేరేదాకా నోరు విప్పలేదు.

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

తను చదివేది సహజ వనరుల నిర్వహణ. పోయిన వేసవిలో పన్నెండు వారాలు, మన వాషింగ్టన్ రాష్ట్రంలోనే, రోడ్ల కింద నుంచి వాగు నీళ్లు పారే గొట్టాలు, అంటే కల్వర్టులు, కొలిచింది. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఎదురెక్కే సాల్మన్ చేపకి కల్వర్టు గోడ అయిపోతుంది. గొట్టం చివర నీళ్లు మరీ ఎత్తు నుంచి పడితే చేప ఎగరలేదు. గొట్టం ఇరుకైతే లోపలి ఉరవడికి ఈదలేదు. రాష్ట్రం తన రోడ్ల కింద ఉన్న ఇలాంటివి మార్చాలని, ఆదివాసీ తెగల పక్షాన 2013లో కోర్టు ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు 4-4గా చీలడంతో ఆ ఆదేశమే నిలిచింది. అయితే ఏది అడ్డమో తేలాలంటే ఎవరో ఒకరు టేపు పట్టుకుని నీళ్లలోకి దిగాలి కదా!

మొదటి వారమే తను పొరపాటు చేసింది. వాగు వెడల్పుని కల్వర్టు నోటి దగ్గరే కొలిచేసింది. అక్కడ నీళ్లు కోసి కోసి గుంట పడి ఉంటుంది, వాగు అసలు వెడల్పు అది కాదు. సూపర్‌వైజర్ తనని కల్వర్టు ప్రభావం లేనంత దూరం ఎగువకి నడిపించి, "ఒడ్డు నిండేంత నీళ్లు వస్తే ఎక్కడిదాకా వస్తాయో చూపించు" అన్నారట. వాగు వెడల్పంటే అదేనని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లే. ఒడ్డున నిలబడితే మాత్రం ఆ గీత కనిపించలేదు. నాచు ఎక్కడ ఆగింది, గట్టు వాలు ఎక్కడ మారింది, మొక్కలు ఎక్కడ మొదలయ్యాయి అని వెతకడం నేర్చుకునేసరికి మూడు వారాలు పట్టింది. ఈ చదువు సగం అక్కడే ఉంది.

ఒక ఆదివారం వీడియో కాల్‌లో మా నాన్నగారికి మట్టి పరీక్ష చూపించింది. తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బన్‌లా సాగదీస్తారు. తెగకుండా రెండంగుళాలు దాటితే బంకమట్టి. నాన్నగారు చూసి "పదును చూస్తున్నావా తల్లీ?" అన్నారు. విత్తే ముందు మట్టి పిడికిట్లో పట్టి చూడకుండా ఆయన ఏనాడూ చేలోకి గొర్రు దింపలేదు. రెండు పరీక్షలూ వేరని తను చెబుతుంటే, ఆయన ఇంకా ఇంకా అడుగుతున్నారు. తాతా మనవరాలూ అంతసేపు మాట్లాడుకోవడం నేను అదే చూడటం.

మా తరం మట్టి వదిలించుకోవడానికే చదివింది. అందుకు నేనెవర్నీ తప్పుపట్టను. కానీ వదిలించుకున్నదాన్ని చిన్నచూపు చూడటం ఎక్కడ నేర్చుకున్నాం? ఇండియాలో మన దగ్గర అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు పల్లెలో రైతుల మధ్య పనిచేసే 'రావె' పూర్తి చేయాల్సిందే. దాన్ని చదువు కాదని అక్కడ ఎవరూ అనరు. అమెరికా వచ్చి, సూటు వేసుకుని, మనం అంటున్నాం. నేనూ అన్నాను. మేజర్ మార్చుకోమని రెండు నెలలు దాని ప్రాణం తీశాను.

తల్లిదండ్రుల టెన్షన్ నాకు తెలుసు. స్టైపెండ్ తక్కువ. 2025 ఫిబ్రవరిలో ఫారెస్ట్ సర్వీస్, నేషనల్ పార్కుల ఉద్యోగులు వేలమందిని తీసేశారు. హెచ్-4 డిపెండెంట్ వీసా మీదున్న పిల్లలకి జీతం వచ్చే ఇంటర్న్‌షిప్‌కి అనుమతే లేదు. ఇవన్నీ నిజాలే. ఇంకో నిజం కూడా ఉంది: ప్రభుత్వ అడవులు, పార్కుల్లో యువతకి పని ఇచ్చే పబ్లిక్ ల్యాండ్స్ కోర్ ప్రాజెక్టుల్లో 640 గంటలు చేసిన అర్హులైన యువతని, మామూలు పోటీ లేకుండా ఫెడరల్ ఉద్యోగాల్లోకి తీసుకునే వీలుంది. స్టూడెంట్ కన్జర్వేషన్ అసోసియేషన్ 1957 నుంచి పిల్లల్ని పార్కులకి పంపుతోంది. మన కెరీర్ సెమినార్‌లో ఈ రెండు పేర్లూ నేనెప్పుడూ వినలేదు.

కమిటీకి నా విన్నపం. ఫారంలో 'కంపెనీ' అన్న గడిని 'ఎక్కడ, ఏం పని' అని మార్చండి. సెమినార్‌లో పది నిమిషాలు అడవి, నేల, నీళ్లలో పనిచేసే పిల్లలకి ఇవ్వండి. మా అమ్మాయి వస్తానంది. తన ఫీల్డ్ నోట్‌బుక్ కూడా తెస్తుంది. అట్టకి బురద మరకలున్నాయి, లోపలి అంకెలు మాత్రం చక్కగా కనిపిస్తాయి.