కోర్ మార్చుకునే జింకా, ఒంటిముక్క జింకా?

అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక విలువిద్య క్లబ్బు. అడవి బాట వెంట గురి చూసి కొట్టడానికి పెట్టే కొత్త ఫోమ్ జంతువులు కొనాలి. లెక్కలు చూసే తమ్ముడికీ, టార్గెట్లు బాగుచేసే అన్నకూ పేచీ.

తమ్ముడు: అన్నా, ఒకే ముక్కగా పోతపోసిన జింకలు చవక. కోర్, అంటే గుండె దగ్గరి ఫోమ్ ముక్క, ఊడదీసి మార్చుకునే జింక ఒక్కటి కొనే డబ్బుతో ఇవి రెండొస్తాయి.

అన్న: రెండొచ్చినా తూట్లు పడే చోటు మారదురా. నలభై మంది, మనిషికో బాణం, రోజుకు రెండు విడతలు: జింకకు 80 బాణాలు. ఇరవై ఆదివారాలకు 1,600. గురి మాత్రం అందరిదీ ముంగాలి వెనక అరచేయంత చోటే. తల, తొడ కొత్తగానే ఉంటాయి, గుండె దగ్గర గుల్లవుతుంది. ఒంటిముక్కయితే మొత్తం పారేయాలి.

తమ్ముడు: పూడ్చుకోవచ్చుగా?

అన్న: కిటికీ సందులకు కొట్టే స్ప్రే ఫోమ్‌తోనా? అది మెత్తన, బాణం ఆగదు. రెండు ద్రవాలు కలిపే పాలీయురేథేన్ కావాలి. చివికినదంతా గట్టి ఫోమ్ తగిలేదాకా కోసెయ్యి, పొడి దులుపు, అవతలి రంధ్రాలకు టేపు వెయ్యి. డబ్బా మీద రాసిన పాళ్లలోనే కలుపు. గుంత నిండా పొయ్యకు, అది పొంగుతుంది. తడి ఉంటే లోపల బుడగలు పెద్దవై స్పాంజిలా అవుతుంది. ఒక రోజు ఆరాక పొంగింది కోసి రంగు వెయ్యి. ఈ పని ప్రతి జింకకూ చేస్తూ కూర్చుంటామా? కోరయితే పాతది లాగి కొత్తది తొయ్యడమే.

తమ్ముడు: ఆ గట్టి ఫోమ్‌తోనే నా బాధ. 70 పౌండ్ల బలంతో లాగే కాంపౌండ్ విల్లు (కప్పీల విల్లు) బాణం దిగితే రాపిడి వేడికి ఫోమ్ కరిగి కార్బన్ కాడకు అతుక్కుంటుంది. చలికి ఇంకా బిగుస్తుంది. పిల్లల 20 పౌండ్ల విల్లుదైతే తగిలి వెనక్కి పడుతుంది.

అన్న: పిల్లల విషయంలో నీ మాట నిజం, వాళ్లకు మెత్తనిదే పెడదాం. పెద్దవాళ్లు మొన వైపు జానెడు కాడకు సబ్బు రుద్దుకోవాలి. తీసేటప్పుడు ఒక చెయ్యి కాడ పక్కన ఫోమ్ మీద ఆనించి, రబ్బరు పట్టుతో నేరుగా లాగాలి. వెనక ఎవరూ నిలబడకూడదు, నాక్, అదే బాణం తోక కొస, కంట్లో గుచ్చుకుంటుంది.

తమ్ముడు: కోర్ వదులైతే?

అన్న: అదే దాని లోపం, ఒప్పుకుంటా. అతుకు మీద పడ్డ బాణం కోర్‌నూ తింటుంది, ఒంటి గూడునూ తింటుంది. గూడు అంచు చెడకముందే కోర్ మార్చాలి. పైగా రైన్‌హార్ట్ కంపెనీ కోర్ డెల్టా మెకెంజీ కంపెనీ జింకకు పట్టదు, అందుకే కొనేటప్పుడే మోడల్ పేరు రాసిపెట్టుకో. జింక మీది పాయింట్ల వలయాలు కూడా చూడు: పోటీలు పెట్టే సంఘాల్లో ఐబీఓ లెక్కలో 11 పాయింట్ల వలయం, ఏఎస్ఏ లెక్కలో 12 పాయింట్ల వలయం ఉంటాయి.

తమ్ముడు: వేటకు ముందు బ్రాడ్‌హెడ్‌లు, అదే బ్లేడున్న వేట మొనలు, సరిచూసుకుంటామని వచ్చేవాళ్లో?

అన్న: ఈ జింకల మీద వద్దు. ఫీల్డ్ పాయింట్, అంటే బ్లేడు లేని సాదా మొన, ఫోమ్‌ను పక్కకు నెట్టుకుని దూరుతుంది, తీశాక అది మళ్లీ దగ్గరవుతుంది. బ్లేడు కోసిన చోట ముక్కలు ఊడిపోతాయి. వాళ్లకు విడిగా పాత జింకొకటి పెడదాం. ఎండ కూడా శత్రువే, పైపొర పొడిపొడిగా రాలుతుంది. వాడని రోజుల్లో టార్పాలిన్ కప్పాలి.

తమ్ముడు: సరే, జింకలకూ ఎలుగులకూ కోర్‌వే కొందాం. టర్కీ కోళ్లు మాత్రం ఒంటిముక్కవే. అంత చిన్నదానిలో కోర్ కోసం డబ్బు పెట్టనివ్వను.

అన్న: టర్కీకి నేనూ అడగను. ఆ మిగిలిన డబ్బుతో జింకకో కోర్ అదనంగా ఇప్పుడే తెప్పించు.