మాట ఆగిపోతే పక్కవాడే దిక్కా?

చూపులేనివాళ్ల కంప్యూటర్ల గురించి ఒక సందేశం ఈమధ్య బాగా తిరుగుతోంది. మంచి ఉద్దేశంతో రాసిందే, అందుకే చాలామంది నమ్మి పంపుతున్నారు. సారాంశం ఇది: స్క్రీన్ రీడర్, అంటే తెరమీద ఉన్నదాన్ని గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రామ్, ఉంటే అంధులు టైపు చేసుకోగలరు, మెయిల్ చదవగలరు, బ్యాంకు పనులు చక్కబెట్టుకోగలరు. కానీ కంప్యూటర్ మొరాయించిందంటే చూపున్న మనిషి పక్కన ఉండాల్సిందే. మాట ఆగితే వాళ్లకు దారి లేదు. ఎర్రర్లు తెరమీద వస్తాయి కాబట్టి చదవలేరు. విండోస్ మళ్లీ వేసుకోలేరు. డబ్బా విప్పితే ప్రమాదం. అందువల్ల కంప్యూటర్‌లో మార్పులకు అనుమతిచ్చే అడ్మిన్ పాస్‌వర్డ్ చూపున్నవాళ్ల దగ్గర ఉంచుకుని, అప్‌డేట్లు ఆపేసి వాళ్ల చేతికివ్వడం మేలు.

నేను స్క్రీన్ రీడర్‌తోనే పని చేస్తాను, నా మెషిన్ బాగోగులు నేనే చూసుకుంటాను. పై మాటల్లో నిజం పాలు కొంత ఉంది, ఎక్కడుందో చెబుతాను. దాన్నుంచి లాగిన తీర్మానం మాత్రం పూర్తిగా తప్పు.

"మాట ఆగితే దారి లేదు"

అన్నిటికన్నా బలంగా వినిపించే వాదన ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం. మాట ఆగడానికి కారణం ఒక్కటే ఉండదు. స్క్రీన్ రీడర్ పడిపోయి ఉండొచ్చు. అది బాగానే మాట్లాడుతూ, శబ్దం ఇంకెక్కడికో పోతూ ఉండొచ్చు. సౌండ్ డ్రైవర్ పాడై ఉండొచ్చు. లేదా మెషిన్ మొత్తం బిగుసుకుపోయి ఉండొచ్చు. వీటిలో ఏదో తేల్చుకోవడానికి కళ్లు అక్కర్లేదు. ఏది ముందు, ఏది తర్వాత అన్న వరుస తెలిస్తే చాలు.

ఎన్‌వీడీఏ అనే ఉచిత విండోస్ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు ముందు కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కుతారు. పడిపోయిన ఎన్‌వీడీఏ లేస్తుంది, వేలాడుతున్నదైతే మళ్లీ మొదలవుతుంది. అది లేచేటప్పుడు చిన్న రాగం వినిపిస్తుంది. రాగం వినిపించి మాట రాలేదంటే తేడా సింథసైజర్‌లో, అంటే అక్షరాల్ని గొంతుగా మార్చే భాగంలో ఉంది, శబ్దంలో కాదు. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, ఎస్ నొక్కి సింథసైజర్ మార్చుకోవచ్చు. రాగమూ రాకపోతే విండోస్, కంట్రోల్, ఎంటర్ నొక్కి విండోస్‌లోనే ఉండే స్క్రీన్ రీడర్ నెరేటర్‌ని లేపుతాం. నెరేటర్ పలికితే విండోస్ శబ్దం క్షేమం, ఎన్‌వీడీఏ సెట్టింగుల్లోనే ఏదో తేడా. అది కూడా పలకకపోతే అప్పుడు శబ్దం ఎటు పోతోందో వెతకాలి.

ఇక్కడొక తమాషా ఉంది. మానిటర్‌ని హెచ్‌డీఎంఐ తీగతో కలిపిన కంప్యూటర్లలో ఏదైనా డ్రైవర్ మారాక విండోస్ శబ్దాన్ని మానిటర్‌కి పంపేయడం తరచూ జరిగేదే. చాలాసార్లు ఆ మానిటర్‌కి స్పీకర్లుండవు. స్క్రీన్ రీడర్ పాపం చెప్పాల్సిందంతా చెబుతూనే ఉంటుంది, వినేవాళ్లుండరు. మనం చేసేది ఒక్కటే, ఆ తీగ పీకేయడం. శబ్దం తీసుకునే పరికరం మాయమయ్యేసరికి విండోస్ మళ్లీ మామూలు స్పీకర్లకు వచ్చేస్తుంది. సాయానికొచ్చిన చూపున్న మనిషికి ఈ చికిత్స తోచనే తోచదు, మానిటర్ తీగ పీకితే ఆయన పని ఆగిపోతుంది కదా! అలాగే సంచిలో పడి ఉన్న బ్లూటూత్ హెడ్‌సెట్ దానంతటదే కలిసిపోయి మాటంతా మింగేస్తుంటుంది. దాన్ని ఆపేస్తే సరి.

అదీ కాకపోతే సొరుగులో ఒక యూఎస్‌బీ సౌండ్ కార్డు ఉంచుకుంటాం, బొటనవేలంత వస్తువు. దానికి ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు కాబట్టి లోపలి సౌండ్ డ్రైవర్ పోయినా ఇది పలుకుతుంది. అక్షరాల్ని వేళ్లకు తగిలే చుక్కలుగా చూపే బ్రెయిలీ డిస్‌ప్లే ఉన్నవాళ్లకైతే శబ్దంతో పనే లేదు. 2025.1 వెర్షన్ నుంచి ఎన్‌వీడీఏలోనే రిమోట్ యాక్సెస్, అంటే వేరే కంప్యూటర్ నుంచి దీన్ని నడిపే ఏర్పాటు, వచ్చింది. మెషిన్ మొదలవగానే కలిసేలా ముందే పెట్టుకుంటే, ఇక్కడ సౌండ్ కార్డు చచ్చిపోయినా మాట అవతలి కంప్యూటర్‌లో వినిపిస్తుంది. అవతలున్నది నా రెండో ల్యాప్‌టాప్ కావచ్చు, నాలాగే చూపులేని స్నేహితుడు కావచ్చు.

"ఎర్రర్లు తెరమీద వస్తాయి, చదవలేరు"

ఎర్రర్ తెరమీద కనబడేది కాసేపే. విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే తెరనే తీసుకోండి, చాలాకాలం నీలంగా ఉండేది కాబట్టి బ్లూ స్క్రీన్ అంటారు. చూపున్నవాళ్లు కూడా ఫోన్ తీసి ఫోటో కొట్టేలోపు మెషిన్ రీస్టార్ట్ అయిపోతుంది. ఆ తెరమీది స్టాప్ కోడ్ (ఏ తప్పో చెప్పే గుర్తు) తర్వాత విండోస్ చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో, బగ్‌చెక్ పేరుతో 1001 నంబరు ఈవెంట్‌గా నమోదై ఉంటుంది. నేను తీరిగ్గా అక్షరం అక్షరం విని, కాపీ చేసుకుని వెతుక్కుంటాను. తెరమీద చూసినవాళ్లకు గుర్తుండేది "ఏదో ఎర్రర్ వచ్చింది" అన్నంత వరకే.

డివైస్ మేనేజర్‌లో పాడైన పరికరం పక్కన పసుపు గుర్తు వస్తుంది. స్క్రీన్ రీడర్ చాలాసార్లు పరికరం పేరు చదివి గుర్తు సంగతి వదిలేస్తుంది. నిజమైన ఇబ్బందే. కానీ కమాండ్లు టైపు చేసే పవర్‌షెల్ తెరిచి గెట్ హైఫన్ పీఎన్‌పీడివైస్ అని కొట్టి, స్టేటస్ ఎర్రర్ ఉన్నవి మాత్రమే చూపించమంటే ఆ జాబితాయే చేతికొస్తుంది. చెట్టులాంటి జాబితాలో కొమ్మకొమ్మా విప్పి చూసే పని తప్పుతుంది. బ్యాటరీ ఎంత అరిగిందో తెలియాలంటే పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అంటే ఒక వెబ్ పేజీ తయారవుతుంది. కొత్తలో ఎంత పట్టేది, ఇప్పుడు నిండుగా ఎంత పడుతోంది, రెండూ అందులో ఉంటాయి. సిస్టమ్ ఫైళ్లు సరిచేసే ఎస్ఎఫ్‌సీ, డిస్మ్ కమాండ్లు కూడా అక్షరాలే. మరమ్మతు పనిముట్లలో పెద్ద భాగం కమాండ్ లైన్‌లోనే ఉంటుంది. స్క్రీన్ రీడర్‌కి అంతకన్నా అనువైన చోటు లేదు.

ఇబ్బంది పెట్టేవి తయారీదారులు మెషిన్‌తోపాటు ఇచ్చే రంగురంగుల డయాగ్నస్టిక్ ప్రోగ్రాములు. ట్యాబ్ నొక్కితే "బటన్", మళ్లీ నొక్కితే "బటన్", మళ్లీ "బటన్". ఏ బటనో చెప్పదు. ఎన్‌వీడీఏ కీతో ఆర్ నొక్కితే తెరమీది బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టి చదువుతుంది కాబట్టి చాలావరకు నెట్టుకురావచ్చు. తప్పు ఎవరిదంటే, బటన్‌కి పేరు పెట్టనివాళ్లది.

అన్నట్టు, ఈ సందేశాన్ని మెచ్చుకుంటూ పంపేవాళ్లు "మీ చెవులు మహా చురుకంటగా, శబ్దం విని ఏం పాడైందో చెప్పేస్తారట" అని కలుపుతుంటారు. పాత హార్డ్ డిస్క్ టకటకమంటే ఎవరి చెవికైనా వినిపిస్తుంది. ఎస్ఎస్‌డీ చప్పుడు లేకుండానే పోతుంది. దానికి గెట్ హైఫన్ ఫిజికల్‌డిస్క్ కొట్టి హెల్త్ స్టేటస్ చూసుకోవడమే, చెవుల మహిమ ఏమీ లేదు.

"విండోస్ మళ్లీ వేసుకోలేరు"

వేసుకుంటున్నాం. పాడైన విండోస్ ఇంకా లేచి నిలబడుతుంటే విండోస్ ఇన్‌స్టాలర్ ఉన్న ఐఎస్ఓ ఫైలు తెరిచి సెటప్ నడిపితే చాలు. ప్రోగ్రాములూ ఫైళ్లూ ఉంచి మరీ వేసుకుంటుంది, ప్రశ్నలన్నీ నా స్క్రీన్ రీడర్ గొంతులోనే వినిపిస్తాయి. యూఎస్‌బీ నుంచి మొదలుపెట్టినా విండోస్, కంట్రోల్, ఎంటర్‌తో నెరేటర్ లేస్తుంది. అక్కడ సౌండ్ చిప్‌కి డ్రైవర్ దొరకకపోతే మాత్రం మౌనమే. అలాంటి మెషిన్‌కి ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే రాసిన ఫైలు ఒకటి యూఎస్‌బీలో పెట్టేస్తే సెటప్ ఏమీ అడగకుండా సాగిపోతుంది. మ్యాక్‌లో రికవరీలో కూడా కమాండ్, ఎఫ్5 నొక్కితే మ్యాక్ స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ మాట్లాడుతుంది. డెబియన్ లినక్స్‌వాళ్లయితే బూట్ మెనూ సిద్ధమవగానే బీప్ కొట్టిస్తారు, పాత బయాస్ (మెషిన్ మొదలవగానే నడిచే లోపలి ప్రోగ్రామ్) ఉంటే ఒకసారి, దాని కొత్త రూపం యూఈఎఫ్ఐ అయితే రెండుసార్లు. ఎస్ నొక్కి ఎంటర్ కొడితే ఇన్‌స్టాలర్ మొత్తం పలుకుతుంది. చూపులేనివాళ్ల గురించి ముందే ఆలోచిస్తే ఎలా ఉంటుందో ఆ బీప్ చెబుతుంది.

సందేశంలో నిజం పాలు ఉందన్నాను కదా, అది బయాస్. సందేశం రాసినవాళ్లు దాని పేరే ఎత్తకపోవడం విచిత్రం. ఆపరేటింగ్ సిస్టమ్ లేవకముందు మామూలుగా స్క్రీన్ రీడర్ ఉండదు. బయాస్ తెర ముందు మేము నిజంగానే చీకట్లో ఉంటాం. అయినా ఇది ప్రకృతి నియమమేమీ కాదు. యూఈఎఫ్ఐలో ఈ సెట్టింగుల పేర్లన్నీ మామూలు అక్షరాలుగానే నిల్వ ఉంటాయి, వాటిని పలికించే ఏర్పాటే చాలా మెషిన్లలో లేదు. డెల్, హెచ్‌పీ, లెనోవో తమ ఆఫీసు ల్యాప్‌టాప్‌లకు విండోస్‌లోంచే కమాండ్లతో బయాస్ సెట్టింగులు మార్చే దారి ఇస్తున్నాయి. అదీ లేకపోతే హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డుతో ఆ తెరని ఇంకో కంప్యూటర్‌లోకి తెచ్చి అక్షరాలు గుర్తుపట్టించొచ్చు. ఫోన్‌లో కెమెరాతో అక్షరాలు చదివే సీయింగ్ ఏఐ యాప్ తెరిచి తెర ముందు పట్టుకోవచ్చు. 2015లో మొదలైన బీ మై ఐస్ యాప్‌లో ఎవరో స్వచ్ఛంద సేవకుడు వీడియోలో చూసి "రెండో వరుస మీద ఉంది, ఎనేబుల్డ్ అని ఉంది" అని చెబుతాడు. ఆ చెప్పినాయనకు సెక్యూర్ బూట్ అనే ఆ బయాస్ సెట్టింగ్ ఏంటో తెలియకపోవచ్చు, తెలియనక్కర్లేదు కూడా. చదివిపెట్టే కళ్లు వేరు, మరమ్మతు చేసే బుర్ర వేరు. సందేశం ఈ రెంటినీ కలిపేసి, కళ్లున్న ప్రతివాడినీ మెకానిక్‌ని చేసింది.

"డబ్బా విప్పితే ప్రమాదం"

ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టి విప్పితే ఎవరికైనా ఒక్కటే. ర్యామ్ గాడి నడిమధ్యన ఉండదు కాబట్టి తిరగేసి పెడితే దిగదు. సాటా తీగ మూతి ఎల్ ఆకారంలో ఉంటుంది. ఇవన్నీ వేలికి తెలుస్తాయి. ఫ్యాన్‌లోకి గాలి కొట్టేటప్పుడు రెక్క కదలకుండా పట్టుకోవాలి, అంతే. వేలు పెట్టకూడని చోటు ఒకటుంది, ఇంటెల్ ప్రాసెసర్ సాకెట్‌లోని సన్నటి పిన్నులు. తడిమితే వంగిపోతాయి. ల్యాప్‌టాప్ లోపలి రిబ్బన్ తీగల కొక్కేలు కూడా చిరాకు పెడతాయి. వాటిని నేను సర్వీసువాళ్లకే వదిలేస్తాను, చూపున్న నా స్నేహితులు కూడా అదే చేస్తారు.

"అడ్మిన్ పాస్‌వర్డ్ మన దగ్గరుంచుకుని..."

అసలు నష్టం ఇక్కడే. పైన చెప్పిన మరమ్మతుల్లో చాలావాటికి మొదటి మెట్టు అడ్మిన్ అనుమతి. డ్రైవర్ మార్చాలన్నా, ఎస్ఎఫ్‌సీ నడపాలన్నా, ఎన్‌వీడీఏలోని మరమ్మతు పనిముట్టు కామ్ రిజిస్ట్రేషన్ ఫిక్సింగ్ టూల్ వాడాలన్నా, చివరికి లాగిన్ తెరమీద నా సెట్టింగులతో మాట వినిపించాలన్నా అదే కావాలి. దాన్ని లాక్కుని, ఆ తర్వాత "చూశారా, వాళ్లవల్ల కాదు" అనడం ఏం న్యాయం? జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చిన సంస్థను 1987లో మొదలుపెట్టినవాళ్లలో ఒకరైన టెడ్ హెంటర్ 1978లో ప్రమాదంలో చూపు పోగొట్టుకున్నాడు. ఎన్‌వీడీఏని 2006లో మొదలుపెట్టిన మైకెల్ కరన్‌కీ, ఆయనతో కలిసి పనిచేసిన జేమ్స్ టేకీ చూపు లేదు. ఈ సందేశం ప్రకారమైతే వీళ్ల అడ్మిన్ పాస్‌వర్డ్లు ఎవరి దగ్గరుండాలి?

ఇక అప్‌డేట్లు ఆపేయమనడం. ఆపేస్తే భద్రతా లోపాలు పేరుకుపోవడమే కాదు, బ్రౌజర్ ఒక దారిన, స్క్రీన్ రీడర్ ఒక దారిన నడుస్తాయి. అలాగని వచ్చిందే తడవుగా వేసుకోమనీ అనను. ఎన్‌వీడీఏ ఏటా తెచ్చే మొదటి వెర్షన్‌తో పాత యాడ్‌ఆన్లు (విడిగా కలుపుకునే చిన్న ప్రోగ్రాములు) కొన్ని పనిచేయడం మానేస్తుంటాయి. పాత వెర్షన్‌కి ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పోర్టబుల్ కాపీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, యాడ్‌ఆన్లు చూసుకుని, అప్పుడు వేసుకుంటాం. ఏదైనా తేడా వస్తే ఎన్‌వీడీఏ కీతో క్యూ నొక్కి, యాడ్‌ఆన్లు లేకుండా రీస్టార్ట్ చేసి తప్పు వాటిదా కాదా అన్నది తేల్చుకుంటాం.

నిజంగా సాయం చేయాలని ఉంటే కంప్యూటర్ చేతికిచ్చేటప్పుడే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ కూడా ఇవ్వండి, ఫోటోగా కాదు, అక్షరాల్లో. ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు, మొత్తం 48 అంకెలు. బయాస్‌లో ఏదైనా మారాక మెషిన్ అది అడిగేసరికి ఎన్‌వీడీఏ ఇంకా లేచి ఉండదు. ఫోన్‌లో ఒక్కో గుంపూ వింటూ కొట్టుకుంటాం.