కాడైన్ కనుమను ఒక్క వాక్యంలో వదిలేశారు

ఇటలీ కొండల్లోని సామ్నైట్‌లతో చేసిన యుద్ధాలంటే రోమ్‌కు వరస గెలుపులే అన్నట్టు సాగింది మీ వ్యాసం. క్రీ.పూ. 321లో రోమన్ సైన్యం చిక్కుకుపోయిన కాడైన్ కనుమకు దక్కింది ఒకే ఒక్క వాక్యం. చదివి బాధేసింది.

రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథ ఇది. సామ్నైట్ సేనాని గాయస్ పోంటియస్ తన సైనికుల్లో కొందరికి గొర్రెల కాపరుల వేషం వేయించి, లుకేరియా ముట్టడిలో ఉందని పుకారు పుట్టించాడు. మిత్రనగరాన్ని కాపాడాలన్న తొందరలో రోమ్ సైన్యాన్ని నడిపిస్తున్న కాన్సుల్‌లిద్దరూ (రోమ్ అత్యున్నత పాలకులు) దగ్గరిదారి పట్టి కొండల మధ్యకు దిగారు. ఎదురుగా నరికి పడేసిన చెట్లు, బండరాళ్లు. వెనక్కి తిరిగితే వచ్చిన దారీ మూసుకుపోయింది.

అప్పుడు పోంటియస్ తన ముసలి తండ్రి హెరెన్నియస్‌ను సలహా అడిగాడు. అందరినీ క్షేమంగా వదిలేయమన్నాడాయన. అది కుదరదంటే ఒక్కరినీ మిగల్చొద్దన్నాడు. కొడుకు రెండూ వినలేదు. ఈటెలతో కాడిలా కట్టించి, ఒంటిమీద ఒక్క బట్టతో, కాన్సుల్‌లతో మొదలుపెట్టి సైన్యం మొత్తాన్నీ దాని కింద వంగి నడిపించాడు. 600 మంది రోమన్ ఆశ్వికులను బందీలుగా తన దగ్గరే ఉంచుకున్నాడు.

లివీ ఇది రాసింది దాదాపు 300 ఏళ్ల తర్వాత. అందుకే తండ్రీకొడుకుల మాటలను అక్షరాలా నమ్మలేం. కానీ అన్నేళ్లయినా ఆ అవమానాన్ని దాచుకోకుండా రోమన్లే చెప్పుకున్నారు చూడండి, నాకు అదే గొప్పగా అనిపిస్తుంది.

క్రీ.పూ. 295లో సెంటినమ్ దగ్గర సామ్నైట్‌లు, ఉత్తరాది గాల్ జాతివాళ్లు కలిసి రోమ్‌కు ఎదురు నిలబడ్డారు. అక్కడ కాన్సుల్ డెసియస్ మూస్ తన ప్రాణాన్ని దేవతలకు అర్పించి శత్రువుల మధ్యకు దూకాడు. దాని గురించైనా దయచేసి వివరంగా రాయండి.